థ్రాటిల్ వాల్వ్ కేబుల్

థ్రాటిల్ వాల్వ్ కేబుల్ అనేది కొన్ని పాత ఆటోమేటిక్ గేర్‌బాక్సులలో ఆయిల్ పీడనాన్ని, గేర్లు మారే వేగాన్ని నియంత్రించే ఉక్కు తీగ. దీనినే టీవీ కేబుల్ అని కూడా అంటారు. టెలివిజన్‌తో దీనికి సంబంధం లేదు. జనరల్ మోటార్స్ సంస్థ 1982లో ప్రవేశపెట్టిన 700ఆర్4 గేర్‌బాక్సు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ.

ఈ తీగ కార్బురేటర్‌ను గేర్‌బాక్సులోని వాల్వుతో కలుపుతుంది. యాక్సిలరేటర్ నొక్కిన కొద్దీ తీగ లాగబడి ఆయిల్ పీడనం పెరుగుతుంది. వాహన వేగంతో పాటు పెరిగే గవర్నర్ పీడనం దానిని మించినపుడే పై గేరు పడుతుంది.

తీగ బిగుతుగా ఉంటే గేర్లు ఆలస్యంగా, కుదుపుతో మారతాయి. వదులుగా ఉంటే తొందరగా, మెత్తగా మారతాయి. ఇది నడిపేవారికి హాయిగానే తోచినా అసలు ప్రమాదం ఇందులోనే ఉన్నది: పీడనం చాలక క్లచ్ ప్లేట్లు జారి కాలిపోతాయి. వేరే రకం కార్బురేటర్ అమర్చినపుడు తీగను లాగే లివరు కొలత మారి ఇదే నష్టం కలుగవచ్చు. కనుక గేర్లు తమకు నచ్చిన వేగంలో మారటానికి కేబుల్‌ను వదులు చేయరాదు.

సవరించటానికి ఇంజను ఆపి, కార్బురేటర్ వద్ద కేబుల్‌పై ఉన్న మీటను నొక్కి, జారుడు భాగాన్ని కార్బురేటర్‌కు దూరంగా చివరిదాకా నెట్టి, మీటను వదలాలి. ఆపై థ్రాటిల్‌ను పూర్తిగా తెరిస్తే కేబుల్ తగిన కొలతకు తానే అమరుతుంది. 1990ల ఆరంభంలో వచ్చిన 4ఎల్60-ఈ గేర్‌బాక్సులో ఈ పనిని కంప్యూటర్ చేపట్టింది.