అరకు వెళ్లొచ్చాక జ్వరమా?

చలికాలం వచ్చిందంటే అరకు, బొర్రా గుహలు, చాపరాయి బాట పడతాం. పిల్లలైతే వాగు వదిలి రారు. వెళ్లండి, హాయిగా తిరగండి. కానీ ఈ మన్యంలో మలేరియా ఉందని మరవద్దు. దాన్ని మోసే దోమల్లో ఒక రకం పారే సెలయేళ్లలోనూ పెరుగుతుంది. పొద్దుగూకాక కుడుతుంది. సాయంత్రం నుంచి పొడుగు చేతుల చొక్కా, ఒంటికి దోమల క్రీము, రాత్రి దోమతెర తప్పనిసరి.

జ్వరం వెంటనే రాదు. ప్రమాదకరమైన ఫాల్సిపారం రకం సాధారణంగా 9 నుంచి 14 రోజులకు బయటపడుతుంది. చలిజ్వరం, తలనొప్పి, వాంతులుంటే పారాసిటమాల్‌తో సరిపెట్టకండి. అదే రోజు రక్తపరీక్ష చేయించండి. అరకు వెళ్లొచ్చామని డాక్టరుకు మీరే చెప్పండి. చెప్పకపోతే మలేరియా అనుమానమే రాకపోవచ్చు. మగత, ఫిట్స్, కామెర్లు కనిపిస్తే క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గర్భిణులు, చంటిపిల్లల తల్లులు బయల్దేరే ముందే డాక్టరును కలవడం మంచిది.