పనికిరాదన్న గాజుకే చిక్కిన విశ్వం

1908 డిసెంబరులో ఫ్రాన్స్ నుంచి కాలిఫోర్నియాలోని పసడేనాకు ఓ గాజు దిమ్మ చేరింది. వంద అంగుళాల అడ్డుకొలత, నాలుగు టన్నుల పైచిలుకు బరువు. డబ్బిచ్చింది లాస్ ఏంజెలిస్ ఇనుప సామాన్ల వ్యాపారి జాన్ హుకర్. తీరా పెట్టె విప్పితే గాజు లోపలంతా బుడగలే! ఒకేసారి పోయడం కుదరక సెయింట్ గోబైన్ కర్మాగారంలో మూడు విడతలుగా పోశారు. పొరల మధ్య గాలి చిక్కుకుంది. పనికిరాదని పక్కన పెట్టేశారు. తర్వాత పోసినవీ అక్కరకు రాకపోవడంతో 1910లో దాన్నే సానకెక్కించారు.

టెలిస్కోపు అద్దంలో కాంతి గాజు లోపలికి దిగదు, పైనున్న వెండి పూతను తాకి వెనుదిరుగుతుంది. పైతలం వంపు సరిగ్గా ఉంటే లోపలి బుడగలు ఏమీ చేయవు. ఆ వంపు తీర్చడానికే ఏళ్లు పట్టింది.

1917 నవంబరు 1 రాత్రి మౌంట్ విల్సన్ కొండ మీద ఖగోళవేత్త జార్జ్ హేల్ ఆ అద్దం అమర్చిన టెలిస్కోపును గురుగ్రహం వైపు తిప్పారు. ఒకదానిమీద ఒకటిగా ఆరు గురుగ్రహాలు! పగలు పనివాళ్లు గుమ్మటం తెరిచి ఉంచడంతో అద్దం ఎండకు వేడెక్కింది. తెల్లవారుజాముకు అది చల్లబడ్డాక అభిజిత్ నక్షత్రం స్పష్టంగా కనిపించింది.

ఆ కొండకు కంచరగాడిదల మీద సామాన్లు చేరవేసిన మిల్టన్ హ్యూమసన్, చిన్నప్పుడే చదువు మానేసినవాడు, ఈ టెలిస్కోపుతోనే గెలాక్సీల వర్ణపటాలు తీసేవాడయ్యాడు. రాత్రుల తరబడి ఒకే ఫొటో ప్లేటుకు వెలుతురు పట్టించి, ఆ వర్ణపటాన్ని బట్టి ఒక గెలాక్సీ సెకనుకు 3,779 కి.మీ. వేగంతో దూరమవుతోందని తేల్చాడు. ఖగోళవేత్త వెస్టో స్లైఫర్ అంతకుముందే కొలిచిన వేగాలకు తన దూరాలు జోడించి, దూరం పెరిగేకొద్దీ వేగమూ పెరుగుతుందని ఎడ్విన్ హబుల్ 1929లో చూపారు.

కాంతి వేగాన్నీ 1926లో ఆ కొండ మీదే కొలిచారు. ఆల్బర్ట్ మైకెల్సన్ గిర్రున తిరిగే అద్దం నుంచి 35 కి.మీ. అవతలి కొండకు కాంతిని పంపి, తిరిగి పట్టుకున్నారు. లెక్క సెకనుకు 2,99,796 కి.మీ. వచ్చింది. నేటి విలువతో తేడా నాలుగు కి.మీ. లోపే.

హబుల్ లెక్క మాత్రం ఏడు రెట్లు తప్పింది. ప్రతి 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి సెకనుకు 500 కి.మీ. వేగం పెరుగుతుందన్నారాయన, నేటి లెక్క సుమారు 70. ఆ లెక్కన 1,400 కోట్ల కాంతి సంవత్సరాల అవతలి గెలాక్సీలు కాంతిని మించిన వేగంతో దూరమవుతున్నట్టే. అయినా ఏదీ కాంతిని మించి పరుగెత్తలేదన్న ఐన్‌స్టీన్ నియమానికి భంగం లేదు. గెలాక్సీ అంతరిక్షంలో పరుగెత్తడం లేదు, మధ్యనున్న అంతరిక్షమే సాగుతోంది.

హబుల్ తప్పు దిద్దే దారీ ఈ అద్దమే చూపింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో లాస్ ఏంజెలిస్ దీపాలార్పినప్పుడు వాల్టర్ బాడే దీనితోనే ఆండ్రోమెడా నడిబొడ్డులోని తారలను విడివిడిగా పట్టి, నక్షత్రాల్లో రెండు తరగతులున్నాయని గుర్తించారు. దూరం చెప్పే సెఫీడ్ తారలూ రెండు రకాలేనని దాంతో తేలింది. 1952లో విశ్వం కొలతలు ఒక్కసారిగా రెట్టింపయ్యాయి.