సహవాసమే సగము చదువు

చదువనగా పుస్తకములోని పాఠమే అయినచో, 2020లో వచ్చిన కరోనా మహమ్మారివలన మన విద్యార్థులకు కలిగిన నష్టము అంత పెద్దది కాదు. పాఠములు టెలివిజనులోనికిని, చేతిలోని ఫోనులోనికిని నడచి వచ్చినవి. కాని నలుగురిలో మెలగుట అను విద్య వేరొకటి కలదు. దానికి పాఠ్యపుస్తకము లేదు, పరీక్షయు లేదు. నలుగురున్న చోటనే అది అలవడును.

హైదరాబాదు తూర్పున సరూర్‌నగరు చెరువు పరిసరములందలి దిల్‌సుఖ్‌నగరు, చైతన్యపురి, కొత్తపేటలు అట్టి విద్యకు పెద్ద బడులు. అచ్చట వీధివీధినా హాస్టళ్లు, శిక్షణాలయములు. నల్లగొండనుండి యొకడు, ఖమ్మమునుండి యొకడు, గుంటూరునుండి యొకడు వచ్చి మూడు మంచముల గదిలో చేరుదురు. ఒకనికి దీపమున్న నిద్ర పట్టదు. మరియొకడు అర్ధరాత్రివరకు చదువవలెను. ఇంటినుండి వచ్చిన ఆవకాయ ఎవరిదో రెండవనాటికే ఎవరికిని గుర్తుండదు. కలహించుట, రాజీపడుట, పరాయివాని కష్టమునకు మనసు కరగుట ఆ గదిలోనే నేర్తురు. బాలికల హాస్టళ్లలోను ఇదే తీరు.

2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌను మొదలయినది. ఖాళీ చేయుమని నగరములో పెక్కు హాస్టళ్ల యజమానులు చెప్పిరి. విద్యార్థులు అనుమతి పత్రములకై పోలీసు స్టేషనుల యెదుట బారులు తీరిరి. ఆంధ్రప్రదేశమునకు బయలుదేరినవారిలో పలువురు సరిహద్దున గరికపాడు వద్ద నిలిచిపోయిరి.

ఆ యేడు తెలంగాణములో పదవ తరగతి చదివినవారి సంగతి తలచుకొనుడు. మూడు పరీక్షలు వ్రాయగానే తక్కినవి ఆగిపోయి, జూనులో రద్దయినవి. ఇంటర్మీడియెటు మొదటి సంవత్సరము చాలవరకు ఇంటనే గడిచినది. 2021 ఫిబ్రవరిలో తెరచిన కళాశాలలు మార్చిలో మరల మూతపడినవి. అక్టోబరులో పరీక్ష జరుపగా నూటికి 49 మందియే నెగ్గిరి. తక్కినవారిని ప్రభుత్వము డిసెంబరులో కనీసపు మార్కులతో గట్టెక్కించినది. మార్కుల లోటు ఒక ఉత్తర్వుతో తీరినది. 2022లో డిగ్రీ తరగతులకు వచ్చిన ఆ పిల్లలకు సహవాసపు లోటును ఏ ఉత్తర్వు తీర్చును?

పదునైదు, పదునారేండ్లు ఇల్లు దాటి లోకమును చూచు ప్రాయము. తెరమీది తరగతిలో ముఖము దాచుకొనవచ్చును. మాట నచ్చనిచో మీట నొక్కి తొలగిపోవచ్చును. ఎదుట కూర్చున్న మనుష్యునితో అట్లు కుదరదు. అందుచేత తరగతిలో లేచి ప్రశ్న అడుగుటకు జంకు, భిన్నాభిప్రాయము వినగానే అవమానమను తలపు కలిగినచో, అది ఆ పిల్లల దోషము కాదు, అలవాటు తప్పుటయే. ఆ కాలముననే పొలము పనులు చేసి ఇంటి కష్టము నెరిగినవారును వారిలో కలరు. ఆ యనుభవమును చెప్పుకొనుటకు వేదిక మాత్రము కావలెను.

సహవాసము చేయు పని యెట్టిదో మన చరిత్రయే చెప్పుచున్నది. ఇన్‌ఫ్లుయెంజా లోకమును పీడించిన 1918లోనే హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపితమైనది. రెడ్డి హాస్టలును ఆ యేడే వెలసినది. సురవరం ప్రతాపరెడ్డిగారి వంటి పెద్దల నిర్వహణలో ఆ హాస్టలు కూడు, గూడుతోపాటు తెలుగు చదువరితనమును పెంచినది. 1938లో వందేమాతరము పాడినందుకు ఉస్మానియానుండి వెడలగొట్టబడిన విద్యార్థులు పలువురు నాగపూరు వెళ్లి చదువు సాగించిరి. ఒంటరి గదిలో పాఠము వల్లించినవారికి అంతటి కట్టు కుదురునా?

కావున ఉపాధ్యాయులు వారమునకొక గంటయైన చర్చకు విడువవలెను. ఇరుగుపొరుగు బల్లలవారినే గాక, పరిచయము లేనివారిని జతపరచి పని యొప్పగింపవలెను. తప్పు మాటాడినను నవ్వరను నమ్మకము తరగతిలో కలిగింపవలెను. విద్యార్థులు సాయంకాలము ఫోను ప్రక్కనుంచి ఆటస్థలమునకో, గ్రంథాలయమునకో పోవలెను.

2020లో ఒకటవ తరగతిలో చేరి, బడి గడప తొక్కకయే పలక పట్టిన పిల్లలు నేడు ఉన్నత పాఠశాలలకు వచ్చిరి. వారు విశ్వవిద్యాలయమునకు చేరుటకు ఇంకను కొన్నేండ్ల వ్యవధి కలదు. ఆ వ్యవధి మన చేతిలోనిది.