తోలుబొమ్మలాటలోని విజ్ఞానము

తెల్లని తెర, దాని వెనుక దీపము, ఆ రెంటి నడుమ తోలుబొమ్మ - తోలుబొమ్మలాటకు ముఖ్యమైన పరికరము లివియే. పదమూడవ శతాబ్దివాడైన పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రమున ఈ బొమ్మలను పేర్కొనెను. గోదావరి సీమలో కాకినాడ చెంతనున్న మాధవపట్నము ఈ కళకు పేరొందిన గ్రామము. రామాయణ భారత కథలను ప్రదర్శించు ఈ ఆటలో ప్రకృతి నియమములు పెక్కు పనిచేయుచున్నవి.

మేకతోలును శుభ్రపఱచి, సాగదీసి ఆఱబెట్టినచో అది పలుచనై కాంతిని కొంతవఱకు తనగుండ పోనిచ్చును. అందుచే దానిపై పూసిన ఎఱుపు, ఆకుపచ్చ రంగులు తెరపై వెలుగును. కాంతి చొరని తోలైనచో నల్లని నీడ మాత్రమే కనబడును. నగలుండవలసిన చోట ఉలితో చిన్న రంధ్రములు తొలుతురు. వానిగుండ వచ్చిన వెలుగు ముత్యములవలె మెఱయును.

కాంతి ఋజుమార్గమున ప్రయాణించును. కావున బొమ్మను దీపమువైపు జరిపిన కొలది నీడ పెరుగును. దీపమునకును తెరకును సరిగా నడుమ నిలిపినచో నీడ రెండింతలగును. కాని దీపపుమంట ఒక్క బిందువు కాదు. దాని వేఱువేఱు భాగములనుండి కిరణములు వచ్చుటచే నీడ అంచులు మసకబాఱును. ఆటగాడు బొమ్మను తెరకు ఆనించి ఆడించుటకు కారణమిదియే.

ఆంధ్రదేశపు బొమ్మలు నాలుగు మొదలు ఆఱడుగుల వఱకు ఎత్తుండును. భుజములవద్ద, మోచేతులవద్ద తోలుముక్కలను దారపు ముడులతో కూర్తురు. మొండెమునకు నిలువుగా ఒక బద్దయు, చేతి కొసకు సన్నని పుల్లయు నుండును. చేయి ఒక మీట; ముడి దానికి ఆధారబిందువు. వ్రేలాడు కాళ్లకు పుల్లలుండవు. మొండెమును కుదిపి ఆపినచో, జడత్వముచే అవి లోలకములవలె ఊగును. ముడి బిగిసినచో చేయి కదలదు, వదులైనచో వ్రాలిపోవును. తగిన బిగువును ఆటగాడు పెద్దలచెంత చేతితో నేర్చుకొనవలసినదే.

చలనమునే కళగా మలచు ప్రయత్నములు పాశ్చాత్యదేశములలో ఇరువదవ శతాబ్దమున సాగినవి. హంగరీ దేశమున జన్మించిన మొహోలీ నాజ్, విద్యుచ్ఛక్తితో తిరుగుచు వెలుగునీడలను కల్పించు లోహపు యంత్రమును నిర్మించెను. దానిని 1930లో పారిస్ నగరమున ప్రదర్శించిరి. నేడది అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయపు మ్యూజియమున భద్రముగా నున్నది.

తోలుబొమ్మలను కూడ మ్యూజియమున దాచవచ్చును. వానిని ఆడించు నేర్పును దాచుట సాధ్యము కాదు. సినిమాలు వచ్చిన పిదప రాత్రియంతయు సాగు ఆటలకు ప్రేక్షకులు తగ్గిరి. ఆంధ్రదేశమున పెక్కుమంది కళాకారులు తోలుతో దీపపు తొడుగులను, గోడపటములను చేయుచు జీవించుచున్నారు. అందువలన తోలుపని నిలుచుచున్నది. బొమ్మను ఆడించు విద్య మాత్రము, ఆట సాగుచుండినగాని నిలువదు.