ఏడు అక్షరాల లెక్క

పాతకాలపు గోడ గడియారం ఎక్కడైనా కనిపిస్తే దాని ముఖాన్ని శ్రద్ధగా చూడండి. కొన్నిటి మీద అంకెలకు బదులు ఇంగ్లీషు అక్షరాలుంటాయి. అయిదు దగ్గర వి, పది దగ్గర ఎక్స్. ఇవి రోమన్ సంఖ్యలని మీకు తెలుసు. పన్నెండు దాకా అందరూ చదవగలరు. కాని 1975ను రాయమంటే? చాలామంది అక్కడే ఆగిపోతారు. మన తొలి ఉపగ్రహం ఆర్యభట కక్ష్య చేరిన సంవత్సరం అది. దాన్నే రాసి చూద్దాం.

మనకున్నవి ఏడే అక్షరాలు. ఐ అంటే 1, వి 5, ఎక్స్ 10, ఎల్ 50, సి 100, డి 500, ఎం 1000. పెద్ద గుర్తుకు కుడివైపున చిన్నది వస్తే కూడాలి. వి-ఐ అంటే 6. ఎడమవైపున వస్తే తీసివేయాలి. ఐ-వి అంటే 4. ఐ, ఎక్స్, సి, ఎం లను వరసగా మూడుసార్లకు మించి రాయకూడదు. వి, ఎల్, డి లను రెండోసారి రాయనక్కరే లేదు. రెండు అయిదులు పదే కదా!

ఇప్పుడు సంఖ్యను స్థానాలవారీగా విడదీయండి. 1975లో 1000, 900, 70, 5 ఉన్నాయి. ఒక్కొక్క ముక్కనూ విడిగా మార్చాలి. వెయ్యికి ఎం. 900 అంటే వెయ్యికి వంద తక్కువ, కనుక సి-ఎం. 70 అంటే యాభై, పది, పది, ఎల్-ఎక్స్-ఎక్స్. అయిదుకు వి. అన్నీ అదే వరసలో పేర్చితే ఎం-సి-ఎం-ఎల్-ఎక్స్-ఎక్స్-వి. అంతే!

ఒకటి నుంచి తొమ్మిది దాకా వస్తే మిగతావన్నీ వచ్చినట్లే. ఒకట్లలో ఐ, వి, ఎక్స్ చేసే పనిని పదుల్లో ఎక్స్, ఎల్, సి చేస్తాయి. వందల్లో సి, డి, ఎం చేస్తాయి. 5000కు వేరే అక్షరం లేదు కనుక ఈ పద్ధతిలో 3999 దాకానే పోగలం. ఆపైన అక్షరం నెత్తిన అడ్డగీత గీసి, దాని విలువను వెయ్యి రెట్లుగా తీసుకోవడం ఒక ఉపాయం.

"99 అంటే వందకు ఒకటి తక్కువేగా, ఐ-సి అని రాస్తే పోలేదా?" అని తెలివైనవాళ్ళు అడుగుతారు. మంచి ప్రశ్నే. కాని మనం స్థానాలను విడివిడిగా రాస్తున్నామని మరిచిపోకండి. 90కి ఎక్స్-సి, 9కి ఐ-ఎక్స్, కలిపితే ఎక్స్-సి-ఐ-ఎక్స్. అందువల్ల ఐ అనేది వి, ఎక్స్ ల ముందు మాత్రమే తీసివేతగా వస్తుంది.

మరి గడియారాల మీద నాలుగుకు నాలుగు ఐలు ఉంటాయేం? అది తప్పు కాదు. రోమన్లే అలా రాసేవారు. రోము నగరంలోని కొలోసియం క్రీడాప్రాంగణంలో 44వ ద్వారం మీద ఎక్స్-ఎల్ తరువాత నాలుగు ఐలు చెక్కి ఉన్నాయి. నలభైకి తీసివేత, నాలుగుకు కూడిక! మనం నేర్చుకునే కచ్చితమైన నియమాలు తరువాతి కాలంలో స్థిరపడ్డవి.

ఈ సంఖ్యల్లో సున్న లేదు. అవసరమూ లేదు, 1005 అంటే ఎం-వి. చిక్కల్లా లెక్క చేసేటప్పుడే. 1975ను 44తో ఈ అక్షరాల్లోనే గుణించి చూడండి, తెలుస్తుంది. రోమన్లు గీతలు గీసిన పలక మీద గులకరాళ్ళు జరిపి లెక్క కట్టి, జవాబును మాత్రం అక్షరాల్లో రాసుకునేవారు. కాల్‌క్యులేటర్ అన్న మాటకు మూలం లాటిన్‌లో ఆ చిన్న గులకరాయి పేరే.

భారతదేశంలో పుట్టి అరబ్బుల ద్వారా వెళ్ళిన అంకెలను 1202లో ఫిబొనాచి తన పుస్తకంలో ఐరోపా వర్తకులకు వివరించాడు. అయినా 1299లో ఫ్లారెన్సు నగరపు నాణేల మారకందార్ల సంఘం, లెక్కల పుస్తకాల్లో ఆ కొత్త అంకెలు వాడరాదని సభ్యులను కట్టడి చేసింది. అలవాటైన అక్షరాలను వదులుకోవడం అంత కష్టమన్నమాట.

ఇక కాగితం తీసుకుని 444, 1947, 1888 మీరే రాయండి. మొదటిదానికి ఆరు అక్షరాలు, రెండోదానికి ఎనిమిది, మూడోదానికి ఏకంగా పదమూడు రావాలి.