పద్దుకెక్కేవి, ఎక్కనివి

హాలియాలో నాది ఎరువుల దుకాణం. నాగార్జునసాగర్ ఎడమ కాల్వకు నీళ్లొదిలితే మెయిన్ రోడ్డు మీద నిలబడ సందుండదు. ఒకాయన యూరియా అడుగుతుంటాడు, ఇంకొకాయన "అన్నా, పాత బాకీ వడ్లమ్మినంక ఇస్త" అంటాడు, ఈలోపు ఫోన్. రాత్రి పడుకుంటే పైసలిచ్చినోళ్లు గుర్తురారు. ఇయ్యాల్సినోళ్లే వరసగా కళ్లముందుకొస్తారు.

ఇది నా ఒక్కడి తంటా కాదు. సగంలో ఆగిన పనులే మనసులో ఎక్కువగా నిలుస్తాయని బ్లూమా జైగార్నిక్ అనే పరిశోధకురాలు 1927లోనే రాసింది. 2011లో మసికాంపో, బామైస్టర్ అనే పరిశోధకులు ఇంకో సంగతి తేల్చారు: పని పూర్తికాకున్నా, ఎప్పుడు ఎట్ల చేస్తామో ఖాయం చేసుకుంటే అది మాటిమాటికీ అడ్డురాదు. అందుకే షట్టర్ దించేముందు పద్దు పుస్తకం చివరి పేజీలో రాస్తా: 'మిల్లు చెక్కు, సోమవారం, బ్యాంకు తెరవంగనే.' ఉత్తగా 'చెక్కు సంగతి చూడాలె' అని రాస్తే పనిచెయ్యదు.

కోపాలు, దిగుళ్లు పద్దుకెక్కవు. వాటికోసం కొందరు సాగర్ హిల్ కాలనీలోని ధమ్మ నాగజ్జున విపశ్యన ధ్యాన కేంద్రానికి పోతారు. బర్మాలో ఊ బా ఖిన్ దగ్గర నేర్చుకున్న గోయెంకా 1969లో ఈ పద్ధతిని ఇండియాకు తెచ్చారు. పది రోజుల శిబిరం. ఫోన్ అప్పజెప్పాలి, సాధకులు ఒకరితో ఒకరు మాట్లాడొద్దు, తెల్లారుజామున నాలుగింటికే గంట. మొదట్లో ముక్కు దగ్గర ఊపిరిని గమనించడమే పని. ఫీజు లేదు, పాత సాధకుల విరాళాలతో నడుస్తుంది. నాట్ల సీజన్లో మాలాంటోళ్లకు కుదిరేది కాదు. తీవ్రమైన మానసిక వ్యాధులున్నవాళ్లకు వద్దని నిర్వాహకులే చెప్తారు. అట్లాంటివాళ్లు, నిద్రపట్టక రోజులు గడుస్తున్నవాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడతారు, పైసా తీసుకోరు.