సోలార్ ఉంది కదా అని బ్యాటరీని అడుగంటా తోడితే

మన ఊళ్లలో కరెంటు కోతల కాలం చూసినవాళ్లకు లెడ్ యాసిడ్ బ్యాటరీ కొత్తేమీ కాదు. ఇంట్లో ఇన్వర్టర్ పక్కన ఉండే ఆ బరువైన డబ్బా, అప్పుడప్పుడు మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోయడం చాలామందికి గుర్తే. అమెరికాలో మనవాళ్లు కొంటున్న ట్రావెల్ ట్రైలర్లలో, క్యాంపర్ వ్యాన్లలో ఉండేది దాని తమ్ముడే. అక్కడ కాసేపటికి కరెంటు తిరిగొచ్చేది. ఇక్కడ ఆరిజోనా అడవిలోనో యూటా ఎడారిలోనో ప్లగ్గు లేని చోట నాలుగు రోజులు దిగితే, బ్యాటరీని నింపేది ఎండ ఒక్కటే.

పైన సోలార్ ప్యానెల్ ఉంది కాబట్టి బ్యాటరీకి ఏమీ కాదన్న మాట నేను తరచు వింటుంటాను. సోలార్ కంట్రోలర్ ముఖ్యమైన పని బ్యాటరీ ఎక్కువ చార్జి కాకుండా చూడడం. రాత్రంతా మీరు తోడేస్తుంటే, మామూలుగా బిగించిన కంట్రోలర్ ఏమీ చేయదు. పోసేవాడికి కాపలా ఉంది గానీ తోడేవాడికి లేదు.

12 వోల్టుల బ్యాటరీ అంటాం గానీ లోపల ఉండేవి ఆరు సెల్స్, ఒక్కోటి నిండుగా ఉన్నప్పుడు సుమారు 2.1 వోల్టులు. నిండు బ్యాటరీని కొన్ని గంటలు కదపకుండా ఉంచి కొలిస్తే 12.6, 12.7 చూపిస్తుంది. సగానికి వస్తే 12.1, 12.2. 11.9కి దిగిందంటే అడుగుకు దగ్గరపడినట్టే. నిండుకూ ఖాళీకీ మధ్య ఒక్క వోల్టు కూడా తేడా లేదు! అందుకే ట్రైలర్ గోడ మీద నాలుగు చిన్న దీపాలతో ఉండే ఆ ప్యానెల్‌ను నేను అసలు పట్టించుకోను. ఎండ పడుతున్నప్పుడు చూస్తే ఖాళీ బ్యాటరీ కూడా 13 పైన చూపించి మోసం చేస్తుంది. తెల్లవారుజామున, ఎండ తగలకముందు, అన్నీ ఆపి చూసిన అంకెనే కొంతవరకు నమ్మొచ్చు.

బ్యాటరీని వాడినప్పుడల్లా ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది, లోపలి యాసిడ్ పలచబడుతుంది. త్వరగా చార్జి చేస్తే అది మళ్లీ కరిగిపోతుంది. రోజుల తరబడి వదిలేస్తే గట్టి స్ఫటికాలుగా మారుతుంది, ఇక ఎంత చార్జి చేసినా పూర్తిగా పోదు. ప్లేటులో అంత భాగం పనికిరానట్టే. దీన్నే సల్ఫేషన్ అంటారు. సగానికంటే కిందికి తోడొద్దని అందరూ చెప్పే నియమం దీన్ని దృష్టిలో పెట్టుకున్నదే. అయితే ఆ గీత దాటగానే బ్యాటరీ చచ్చిపోదు. ఎంత లోతుకు తోడితే అన్ని తక్కువసార్లు పనిచేస్తుంది, అంతే. ఒక్క రాత్రి 40 శాతానికి దిగి మర్నాడు నిండితే పెద్ద నష్టం లేదు. 40 శాతం దగ్గర రెండు వారాలు పడి ఉంటేనే నష్టం.

ఇక రాత్రి లెక్క చూద్దాం. చాలా ట్రైలర్లలో గ్రూప్ 27 బ్యాటరీ ఒకటి ఉంటుంది, 90 నుంచి 100 ఆంపియర్ అవర్లు. సగం అంటే 50. ప్రొపేన్ ఫర్నేస్‌కు గ్యాస్ సిలిండర్ నుంచి వచ్చినా, దాని ఫ్యాను మాత్రం బ్యాటరీ మీదే తిరుగుతుంది, 7, 8 ఆంపియర్లు లాగుతుంది. పది గంటల చలి రాత్రిలో సగం సేపు తిరిగినా 40 ఆంపియర్ అవర్లు అయిపోయాయి. పైకప్పు మీద పడుకోబెట్టిన 100 వాట్ల ప్యానెల్ అక్టోబరులో మంచి ఎండ రోజున ఇచ్చేది దాదాపు 25. అంటే రోజుకు 15 అప్పు. పొద్దున రైస్ కుక్కర్ పెట్టారా, 500 వాట్ల కుక్కర్ ఇన్వర్టర్ మీద 45 ఆంపియర్ల పైన లాగుతుంది, అరగంటలోపే 20 ఆంపియర్ అవర్లు పోతాయి. పైగా వేగంగా తోడితే లెడ్ యాసిడ్ బ్యాటరీ తన పూర్తి సామర్థ్యం ఇవ్వదు. 1897లో పాయ్‌కర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త సూత్రంగా రాసింది ఈ సంగతే. అన్నం గ్యాస్ స్టవ్ మీద గిన్నెలో వండుకోవడమే మేలు.

నాకు తెలిసిన ఒక కుటుంబం ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలతో ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర అడవిలో దిగింది. మూడో రాత్రి తెల్లవారుజామున ఫర్నేస్ ఫ్యాను మెల్లగా తిరుగుతోంది గానీ మంట రావడం లేదు. గ్యాస్ అయిపోయిందనుకుని చలిలో సిలిండర్ మార్చారు. ఫలితం లేదు. ఆస్తమా ఉన్న పెద్దావిడను ట్రక్కులో హీటర్ వేసి కూర్చోబెట్టారు. అసలు కారణం వోల్టేజీ. ఫర్నేస్‌లో సెయిల్ స్విచ్ అని ఒకటి ఉంటుంది, తగినంత గాలి వీస్తేనే అది మూసుకుని మంటకు అనుమతిస్తుంది. బ్యాటరీ నీరసించి ఫ్యాను నెమ్మదించింది, స్విచ్ మూసుకోలేదు.

దీనికి మందు రెండు పరికరాలు. మొదటిది షంట్ ఉన్న బ్యాటరీ మానిటర్. విక్ట్రాన్ స్మార్ట్‌షంట్ లాంటివి లోపలికి వచ్చిన, బయటికి పోయిన ప్రతి ఆంపియర్‌నూ లెక్కపెట్టి ఫోన్లో శాతం చూపిస్తాయి. నెగటివ్ తీగలన్నీ షంట్ దాటాకే కలపాలి. ఒక్క తీగ నేరుగా బ్యాటరీకి కలిపినా లెక్క తప్పుతుంది. రెండోది లో వోల్టేజ్ డిస్కనెక్ట్. వోల్టేజీ ఒక హద్దు దాటి దిగి కాసేపు అక్కడే ఉంటే, లోడ్‌ను ఇది కోసేస్తుంది.

హద్దు ఎంత పెట్టాలన్నదే అసలు ప్రశ్న. చాలా పరికరాలు, ఇన్వర్టర్లు 10.5 లేదా 11 దగ్గర సెట్ చేసి వస్తాయి. 10.5 అంటే బ్యాటరీ సామర్థ్యాన్ని పరీక్షించేటప్పుడు పూర్తిగా ఖాళీ అని గుర్తించే అంకె. అప్పటికి కాపాడడానికి ఏం మిగలదు. ఒకే బ్యాటరీ మీద ఫర్నేస్ నడిపేవారికి 11.8, 11.9 సరిపోతుందని నా అభిప్రాయం. లోడ్ ఉన్నప్పుడు వోల్టేజీ కొంత కుంగి కనిపిస్తుంది కాబట్టి, 12.1 పెడితే మరీ ముందే కోసేస్తుంది. తిరిగి కలిపే హద్దు మాత్రం 13 దగ్గర ఉంచండి. లోడ్ తీయగానే బ్యాటరీ కాస్త తేరుకుని 12.2 చూపిస్తుంది. అక్కడే మళ్లీ కలిస్తే ఫ్యాను రాత్రంతా వస్తూ పోతూ ఉంటుంది. 13 అంటే ఎండ వచ్చి చార్జి మొదలయ్యాకే.

తీగలు కలిపేటప్పుడు జాగ్రత్త. పెద్ద ఇన్వర్టర్‌ను కంట్రోలర్‌ లోడ్ టెర్మినళ్లకు పెట్టొద్దు, అవి 10, 20 ఆంపియర్లకే చేసినవి. దాన్ని ఫ్యూజు ద్వారా నేరుగా బ్యాటరీకి కలిపి, దాని రిమోట్ స్విచ్‌ను డిస్కనెక్ట్ పరికరంతో ఆపించాలి. ట్రైలర్ బ్రేక్‌అవే స్విచ్‌ను మాత్రం ఎప్పుడూ ఈ పరికరం వెనక పెట్టకండి. దారిలో ట్రైలర్ బండి నుంచి ఊడితే బ్రేకులు పట్టించేది ఈ బ్యాటరీయే. గ్యాస్ డిటెక్టర్‌ది కూడా నేరుగానే ఉండాలి. అదనంగా సొంత సెల్స్‌తో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి పడక దగ్గర పెట్టుకోండి.

లిథియం కొంటే ఈ గొడవే ఉండదంటారు. కొంత నిజమే, దానిలోనే కాపలా సర్క్యూట్ ఉంటుంది. కానీ గడ్డకట్టే చలిలో దాన్ని చార్జి చేయకూడదు, దాని చార్జర్ సంగతి వేరే చూసుకోవాలి.

ఇంటి ముందు నిలిపి ఉన్నప్పుడు కూడా బ్యాటరీ ఊరికే ఉండదు. డిటెక్టర్లు, రేడియో, ఫ్రిజ్ బోర్డు కలిసి అర ఆంపియర్ లాగినా రోజుకు 12, నాలుగు రోజుల్లో సగం ఖాళీ. మెయిన్ స్విచ్ ఆపితే చాలావరకు ఆగుతుంది. కానీ సోలార్ తీగ స్విచ్‌కు బ్యాటరీ వైపు కలిసి ఉందో అవతలి వైపు ఉందో చూసుకోండి. అవతల ఉంటే, స్విచ్ ఆపగానే చార్జింగూ ఆగిపోతుంది. మంచు ప్రాంతాల్లో ప్యానెల్ నెలల తరబడి కప్పబడి ఉంటుంది. ఖాళీ బ్యాటరీలో ఉండేది దాదాపు నీళ్లే కాబట్టి 20 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గరే గడ్డకట్టి డబ్బా పగులుతుంది. నిండుగా ఉంటే మైనస్ 50లో కూడా గడ్డకట్టదు. చలికాలం ముందే విప్పి, నిండా చార్జి చేసి, గరాజ్‌లో పెట్టి నెలకోసారి చూడండి. కాంక్రీటు నేల మీద పెడితే చార్జి దిగిపోతుందన్నది పాత రబ్బరు డబ్బాల కాలం నాటి మాట, ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలకు అది వర్తించదు.